చలికాలం కేకుల మీద చక్కెర పూలు: అపోహలు - వాస్తవాలు

క్రిస్మస్ కేకుల హడావిడి మొదలవక ముందే ఇవి చెప్పేస్తే మంచిది. చక్కెర పూలు చేసేవాళ్లం చేతి పనితనం గురించి తెగ మాట్లాడుకుంటాం గానీ, పూలు పాడయ్యేది చాలాసార్లు తేమ వల్లే.

అపోహ: పూలు ఫ్రిజ్‌లో పెడితే భద్రం.

అస్సలు పెట్టకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి రేకు మీద బయటి గాలిలోని తేమ నీటిబొట్లుగా చేరుతుంది, చక్కెర దాన్ని పీల్చేసుకుంటుంది, అంతవరకూ నిటారుగా ఉన్న రేకు కాస్తా మెత్తబడి వాలిపోతుంది. లోపలిదాకా ఆరని పూలని గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టినా ఇదే గోల. అట్టపెట్టెలో ఒక సిలికా జెల్ ప్యాకెట్ పడేసి, వెలుతురు తగలని చోట ఉంచితే నెలల తరబడి ఉంటాయి. వెలుతురు ఎందుకు వద్దంటే, గులాబీ, ఊదా రంగులు ఇట్టే వెలిసిపోతాయి.

అపోహ: సీఎంసీ (చక్కెర ముద్దని గట్టిపరిచే పొడి) ఎంత ఎక్కువ వేస్తే రేకు అంత గట్టి.

గట్టిగానే వస్తుంది, ముట్టుకుంటే విరుగుతుంది. 250 గ్రాముల ఫాండెంట్‌కి (పూలు చేసే మెత్తటి చక్కెర ముద్దకి) సుమారు ఒక టీస్పూన్ చాలు. మించితే బాల్ టూల్‌తో (కొసన గుండు ఉన్న పనిముట్టుతో) అంచు పలచన చేసేలోపే చిట్లుతుంది, పైగా చలికాలం హీటర్ వేసిన గదిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇంకా తొందరగా ఆరిపోతుంది. కావలసినంత ముద్దే తీసుకుని మిగతాది క్లింగ్ ఫిల్మ్‌లో చుట్టేయండి.

అపోహ: ఎర్రటి పాయిన్‌సెట్టియా (క్రిస్మస్‌కి అలంకరణగా పెట్టే మొక్క) కావాలంటే పేస్ట్‌లోనే, అంటే చక్కెర ముద్దలోనే, ముదురు ఎరుపు కలపాలి.

అంత జెల్ రంగు కలిపితే పేస్ట్ చేతికి అంటుకుంటుంది, ఓ పట్టాన ఆరదు. ఓ మోస్తరు ఎరుపు కలిపి, ఆరాక పెటల్ డస్ట్ (రేకుల మీద రాసే రంగు పొడి) రాసి, రెండు మూడు సెకన్లు ఆవిరి చూపిస్తే రంగు పట్టుకుంటుంది. అంతకంటే ఎక్కువసేపు పెడితే రేకు కరగడం మొదలుపెడుతుంది. ఇంకో మాట, ఆ మొక్కలో మనం ఎర్ర రేకులనుకునేవి నిజానికి ఆకులు, అసలు పూలు మధ్యలో ఉండే చిన్న పసుపు బుడిపెలు. అందుకే దీనికి పూరేకుల వెయినర్ (ఈనెల గుర్తులు వేసే అచ్చు) వాడితే ఏదో తేడాగా కనిపిస్తుంది, ఆకు ఈనెలున్నది వాడి చూడండి. క్రిస్మస్ రోజ్ కూడా అంతే, పేరే రోజ్ గానీ గులాబీ కాదు, హెల్లెబోర్ జాతి.

అపోహ: నిజం ఆకులు, కాయలు పెడితే సహజంగా ఉంటుంది, ప్రమాదమూ లేదు.

క్రిస్మస్ అలంకరణకి వాడే హోలీ మొక్క కాయలు, మిసిల్‌టో, ఐవీ, హెల్లెబోర్, ఇవన్నీ విషపు మొక్కలే. పాయిన్‌సెట్టియా ప్రాణం తీస్తుందనేది అతిశయోక్తి, కానీ దాని పాలు చర్మానికి మంట, తింటే కడుపు తిప్పుతుంది. వీటిని చక్కెరతో చేయడానికి నాకు తెలిసి ఇంతకంటే మంచి కారణం లేదు.

అపోహ: చక్కెరే కదా, మొత్తం తినేయొచ్చు.

లోపల తీగ ఉంటుంది, టేపు ఉంటుంది, ఒక్కోసారి థర్మాకోల్ మొగ్గ కూడా. డస్ట్ డబ్బా మీద ‘నాన్ టాక్సిక్’ అని ఉంటే తినొచ్చని కాదు. తినదగినదని రాసి, పదార్థాల జాబితా ఇచ్చినదే తినే భాగానికి వాడాలి. తీగని నేరుగా కేకులో గుచ్చకుండా పోజీ పిక్‌లో (తీగ దూర్చే చిన్న ప్లాస్టిక్ గొట్టంలో) పెట్టండి, కోసేముందు పువ్వు తీసేయమని కేకు తీసుకెళ్లేవాళ్లకి నోటితో చెప్పండి, చీటీ రాసిస్తే ఎవరూ చదవరు.

క్రీమ్ కేకైతే పూలు చివర్లో, వడ్డించే ముందు పెట్టాలి. ముందురోజే అమర్చి ఫ్రిజ్‌లో పెట్టి ఇమ్మని అడిగితే నేనైతే ఒప్పుకోను, పూలు విడిగా పెట్టెలో ఇస్తాను.