వాల్తేరులో గీసిన గీత

కొత్తవలస నుంచి అరకు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వెళ్లే కేకే రైల్వే లైను విశాఖ డివిజన్‌లో ఉండాలా, ఒడిశాలోని రాయగడ డివిజన్‌కు పోవాలా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. చాలామంది ఈ కథను 2014 నుంచి మొదలుపెడతారు. విభజన చట్టం 13వ షెడ్యూల్, ఆరు నెలల్లో కొత్త రైల్వే జోన్ (కొన్ని డివిజన్ల మీద ఉండే పెద్ద విభాగం) సంగతి పరిశీలించాలన్న మాట, ఏళ్ల తరబడి ఎదురుచూపు విశాఖలో అందరికీ తెలిసినవే. అసలు ముడి అంతకు నూరేళ్లకు పైగా ముందే పడింది.

1890లలో బెజవాడ నుంచి కటక్ దాకా తీరం వెంట పడిన లైను ఒకటే. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో ప్రభుత్వమే వేయించింది. పనులు పూర్తయి పదేళ్లు తిరక్కుండానే దాన్ని రెండు ముక్కలు చేశారు. 1901లో వాల్తేరుకు (ఇప్పటి విశాఖపట్నం స్టేషన్‌కు) దక్షిణాన ఉన్నది మద్రాసు రైల్వేకు, 1902లో ఉత్తరాన ఉన్నది బెంగాల్ నాగపూర్ రైల్వేకు ఇచ్చేశారు. అప్పటికి రాజమండ్రీ శ్రీకాకుళమూ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. జనం మాట్లాడే భాషతో, రాకపోకలతో ఆ గీతకు సంబంధం లేదు. రైల్వే కంపెనీల మధ్య జరిగిన పంపకం అది.

కంపెనీలు పోయాయి, గీత మిగిలింది. రైల్వే పటం మీద వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. దక్షిణపు ముక్క మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయి, 1951లో దక్షిణ రైల్వేలో కలిసి, 1966 అక్టోబర్ 2న సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు వచ్చింది. ఉత్తరపు ముక్క 1952లో తూర్పు రైల్వేకు, 1955లో ఆగ్నేయ రైల్వేకు, 2003లో భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు కోస్తా రైల్వేకు వెళ్లింది. అంటే తెలుగు రాజధానిలో జోన్ పెట్టిన రోజున కూడా వాల్తేరు ఆగ్నేయ రైల్వే కేంద్రమైన కలకత్తా గార్డెన్‌రీచ్ కిందే ఉండిపోయింది. 1902 నాటి తప్పును దిద్దడానికి అంతకంటే మంచి అదను దొరకలేదు. దాన్ని వదులుకున్నారు.

సరిగ్గా ఆ ఏళ్లలోనే కేకే లైను వచ్చింది. కిరండూల్ దగ్గరి బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం కోసం 1960లో జపాన్‌తో ఒప్పందం కుదిరింది. తూర్పు కనుమల్లో 50కి పైగా సొరంగాలు తొలిచి, శిమిలిగుడ దగ్గర సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకు బ్రాడ్‌గేజ్ పట్టాలు ఎక్కించారు. ఇంత కష్టం ఎందుకంటే, ఖనిజం విశాఖ రేవుకు చేరాలి. ఆ ఓడల కోసమే తర్వాత ఔటర్ హార్బర్ కట్టారు. విశాఖ రేవు లేకపోతే ఆ రోజుల్లో ఈ లైనుకు పనే లేదు. బొర్రా గుహలు, అరకు స్టేషన్లు రెండూ ఆంధ్రలోనే ఉన్నాయి. ఒడిశా మొదలయ్యేది అరకు దాటాకే.

లైనులో పెద్ద భాగం తమ కొరాపుట్ ప్రాంతంలోనూ ఛత్తీస్‌గఢ్‌లోనూ ఉందన్నది ఒడిశా వాదన. అది నిజమే. అయితే అరకు దాకా ఉన్న ముక్కకు అది వర్తించదు.

2019 ఫిబ్రవరి 27న విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ ప్రకటించినప్పుడు వాల్తేరు డివిజన్‌నే ఎత్తేశారు. సగం విజయవాడకు, సగం కొత్త రాయగడ డివిజన్‌కు. జోన్ ఆఫీసు ఉండే ఊళ్లో డివిజన్ ఉండదన్నమాట! ఉద్యోగుల్లో టెన్షన్ ఆనాడు మొదలైంది. 2025 జనవరి 6న రాయగడ డివిజన్ భవనానికి, 8న విశాఖలో జోన్ కార్యాలయానికి ప్రధాని శంకుస్థాపన చేశారు. ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం పాత నిర్ణయాన్ని కొంత సవరించి, దాదాపు 410 కిలోమీటర్లతో విశాఖపట్నం డివిజన్‌ను నిలిపింది. రాయగడకు ఇచ్చింది దాదాపు 680 కిలోమీటర్లు. కొత్తవలస–బచేలి మార్గం అందులోనే ఉంది. ఖనిజం రాబడీ అరకు వెళ్లే రైళ్లూ ఆ లెక్కలోకే పోతాయి.

విశాఖ డివిజన్ ఉత్తరపు హద్దు పలాస దగ్గరే ఆగింది. అక్కడి నుంచి మందస, సోంపేట, ఇచ్ఛాపురం వరకు ఉన్నవన్నీ శ్రీకాకుళం జిల్లా ఊళ్లే. వాటి స్టేషన్లు మాత్రం ఖుర్దారోడ్ డివిజన్‌లో, భువనేశ్వర్ కిందే ఉన్నాయి.