చెంచాన్నర నీళ్లు, ఒక మూత

సుల్కాటా తాబేలు సహారా దక్షిణపు అంచున పుట్టిన జీవి. హైదరాబాద్ ఎండ దానికి ఒక లెక్కా అనిపిస్తుంది. అందుకే ఇంట్లో పెంచేటప్పుడు పిల్లను పెట్టెలో, పొడి ఇసుక మీద, వేడినిచ్చే బల్బు కింద ఉంచేవారు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఆ ఎడారి అంచున తాబేలు పిల్ల ఎండలో ఊరేగదు. వేడి వేళంతా బొరియలోనే ఉంటుంది, అక్కడి గాలి పైగాలి కంటే చాలా తేమగా ఉంటుంది.

(మన నక్షత్ర తాబేలు సంగతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని ఇంట్లో పెంచడం నేరం. సుల్కాటా వంటి విదేశీ జాతులకూ ప్రభుత్వ నమోదు కావాలి.)

పొడిలో పెరిగిన పిల్ల డిప్ప నున్నగా ఉండదు, ఒక్కో పలకా బుడిపెలా పైకి లేస్తుంది. మాంసకృత్తులు ఎక్కువై అలా అవుతుందని చాలాకాలం నమ్మారు. వియన్నా పశువైద్య పరిశోధకులు సుల్కాటా పిల్లలను ఐదు గుంపులు చేసి ఐదు నెలలు పెంచి, 2003లో ఫలితం ప్రకటించారు: మాంసకృత్తుల ప్రభావం స్వల్పం, అసలు తేడా తేమదే. పలకల అంచుల్లో పెరిగే కెరాటిన్ (మన గోళ్లలో ఉండే గట్టి పదార్థమే) త్వరగా ఆరి బిగుసుకుంటే, కొత్త పొర పక్కకు సాగలేక పైకి లేస్తుందని ఒక వివరణ.

సరే, తేమ ఎంత కావాలి? 35 డిగ్రీల వద్ద ఘనమీటరు గాలి సుమారు 40 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. మే మధ్యాహ్నం తేమ 25 శాతమంటే అందులో ఉన్నది 10 గ్రాములే. దాన్ని 80 శాతానికి తేవాలంటే 22 గ్రాములు చేర్చాలి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తున్న పెట్టెకైతే ఏడెనిమిది గ్రాములు, అంటే చెంచాన్నర నీళ్లు! మరి రోజంతా స్ప్రే కొట్టినా తేమ ఎందుకు నిలవదు? పెట్టెకు మూత లేదు కనుక. బల్బు వేడికి గాలి తేలికై పొగగొట్టంలో పొగలా పైకి పోతుంది, దాని చోటుకు గదిలోని పొడిగాలి వస్తుంది. మూత లేని పెట్టెలో ఎన్ని నీళ్లు చల్లినా గదిని తడపడమే.

కాబట్టి ముందు మూత, తర్వాతే నీళ్లు. చిన్న రంధ్రాలు చాలు. బల్బు మూత కిందే, లోపల, ప్లాస్టిక్‌కు తగలకుండా ఉండాలి. అడుగున నాలుగు వేళ్ల మందాన కొబ్బరి పొట్టు పరిచి, నీళ్లు మూలల్లో పోయాలి. అడుగు పొర తడిగా, పైపొర పొడిగా ఉంటే పొట్ట కింది డిప్ప కుళ్లదు. తేమ కొలిచే మీటరు తాబేలు ఎత్తులోనే పెట్టాలి, పైన వేలాడదీస్తే అది చెప్పేది తాబేలు పీల్చే గాలి గురించి కాదు.

ఏసీ గదిలో తిప్పలు ఎక్కువ. బాల్కనీ గొట్టం నుంచి బొట్లుబొట్లుగా కారేది ఆ గదిలోని తేమే మరి. చలికాలమూ మోసం చేస్తుంది: డిసెంబరు రాత్రి 15 డిగ్రీల గాలిని 32కు వేడి చేస్తే, 60 శాతం తేమ కాస్తా పాతికలోపుకు దిగుతుంది. అలాగని చలిలో తడి పెంచడం పొడికన్నా ప్రమాదం, ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. పెట్టెలో వేడి 27 డిగ్రీల కిందికి జారితే ముందు దాన్ని సరిచేయాలి, నీళ్ల సీసా తర్వాత.