సోమ్‌దేవ్ ఆ నాలుగో ఏడాది ఎందుకు ఆగాడు?

నెల్లూరు, ఒంగోలులో పిల్లలకు టెన్నిస్ ఆడించే తల్లిదండ్రుల మధ్య ఏటా ఇంటర్ ఫలితాల నాటికి లేచే వాదన ఈసారి పరీక్షలు అయిపోయిన వారమే లేచింది. నెల్లూరు కుర్రాడొకడికి అమెరికాలోని ఓ యూనివర్సిటీ కోచ్ నుంచి మెయిల్ వచ్చింది. ఆగస్టులో వచ్చి జట్టులో చేరితే ఖర్చులో సగం మేం భరిస్తాం అన్నది అందులోని మాట. ఇంట్లో రెండు పక్షాలయ్యాయి. కాలేజీకి పంపాలని ఒకటి, ఇప్పుడే ప్రోగా, అంటే బహుమతి డబ్బు కోసం ఆడే వృత్తి ఆటగాడిగా దించాలని ఇంకొకటి. ఆ మెయిల్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చేసరికి కావలి నుంచి ఒంగోలు దాకా అందరూ ఏదో ఒక పక్షం పట్టేశారు.

మేనమామ మాట సూటిగా ఉంది. "బావా, కాళ్లలో ఉరుకు ఉండేది ఇప్పుడే. నాలుగేళ్లు ఆడ చదువుకుంటా కూర్చుంటే ర్యాంకు ఎవురిస్తారు? ఒక్క ఏడాది ప్రోగా తిప్పుదాం. కుదరకపోతే అప్పుడు పంపిద్దాం కాలేజీకి." కుర్రాడికి చిన్నప్పటి నుంచి నేర్పుతున్న కోచ్ మాత్రం కాలేజీకి పంపమంటున్నాడు. ఇద్దరూ సాక్ష్యానికి తెచ్చుకుంటున్న పేరు ఒకటే, మన దేశపు టెన్నిస్ ఆటగాడు సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్. కాలేజీకి పోకముందే అతనికి ర్యాంకుంది, పోకుండా ఉంటే ఇంకా ముందే పైకొచ్చేవాడని మేనమామ అంటాడు. పోబట్టే పైకొచ్చాడని కోచ్ అంటాడు.

సోమ్‌దేవ్ గువాహటిలో పుట్టడం, చెన్నైలో ఆట నేర్చుకోవడం, 2010లో కామన్వెల్త్, ఆసియా క్రీడల స్వర్ణాలు గెలవడం చాలామందికి గుర్తున్నవే కాబట్టి వాటి జోలికి పోను. ఇప్పటి తగాదాకు పనికొచ్చే ముడి 2007 వేసవిలో ఉందని నా నమ్మకం. ఆ సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

ఆ మే నెలలో అమెరికా కాలేజీల జాతీయ టెన్నిస్ పోటీలు జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్‌లో జరిగాయి. సోమ్‌దేవ్ అప్పటికి వర్జీనియా యూనివర్సిటీలో మూడో ఏడాది విద్యార్థి. అంతకుముందు ఏడాది ఇదే పోటీల ఫైనల్‌లో ఓడిపోయాడు. ఈసారి ఫైనల్‌లో ఎదురుగా నిలబడింది జాన్ ఇస్నర్. ఆరడుగుల పది అంగుళాల మనిషి, సర్వీసు అందుకోవడమే గగనం. పైగా ఇస్నర్ జార్జియా యూనివర్సిటీ ఆటగాడే, కోర్టు వాళ్లదే, జనం వాళ్లవాళ్లే. ఆ జట్టు అదే కోర్టులో జట్టు టైటిల్ కూడా గెలిచి ఊపు మీదుంది. మొదటి సెట్ 7-6తో సోమ్‌దేవ్‌ది. రెండోది 6-4తో ఇస్నర్‌ది. మూడో సెట్ మళ్లీ 6-6 దగ్గర సమమై, తేల్చే టై-బ్రేక్‌కు వెళ్లింది. అది సోమ్‌దేవ్ గెలిచాడు.

తర్వాత జరిగింది చూడండి. ఆ నాలుగేళ్ల చదువు ముగించుకుని ఇస్నర్ ప్రో అయ్యాడు. ఆగస్టు వచ్చేసరికి వాషింగ్టన్‌లో ఏటీపీ, అంటే మగవాళ్ల ప్రో టెన్నిస్ సంఘం, టోర్నీ ఫైనల్లో అగ్రశ్రేణి ఆటగాడు ఆండీ రాడిక్ ఎదుట నిలబడ్డాడు. అలాంటివాణ్ని మేలో ఓడించిన సోమ్‌దేవ్ ఏం చేయాలి? మన ఇళ్లలో అయితే ఆ రాత్రికే పెట్టె సర్దించేవాళ్లం. సోమ్‌దేవ్ మాత్రం వర్జీనియాకు తిరిగి వెళ్లాడు. ఇంకో ఏడాది కాలేజీ తరఫునే ఆడాడు. 2008 సీజన్‌లో సింగిల్స్‌లో 44 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటే ఓడాడు. జాతీయ సింగిల్స్ టైటిల్ రెండోసారి గెలిచాడు. అప్పుడు ప్రో అయ్యాడు.

ఒక్క సీజన్‌లో నలభై అయిదు మ్యాచ్‌లు. అవతల ఉన్నవాళ్లు రేపు ప్రోలు కాబోయేవాళ్లు. కోర్టు, బంతులు, ప్రయాణం, ఫిజియో అన్నీ యూనివర్సిటీ చూసుకుంటుంది. ఇక్కడి నుంచి ప్రోగా బయల్దేరిన పద్దెనిమిదేళ్ల పిల్లాడి సంగతి వేరు. మంగళవారం మొదటి రౌండ్ ఆడతాడు, ఓడతాడు, వచ్చే వారం టోర్నీ దాకా హోటల్ గది అద్దె కట్టుకుంటూ గోడకు బంతి కొట్టుకుంటాడు. ఆ లెక్కన ఏడాదిలో అతను ఆడే అసలు మ్యాచ్‌లెన్ని? ర్యాంకు సంగతి తర్వాత, ముందు మ్యాచ్ దొరకాలి కదా.

ఇక మేనమామ చెప్పే 2004 ర్యాంకు. అది నిజమే. సోమ్‌దేవ్ పదిహేడేళ్లకు ప్రో టోర్నీలు ఆడటం మొదలుపెట్టి, 2004లో 666వ ర్యాంకుకు వచ్చాడు. ఆ ఏడాదే కోల్‌కతాలో ఫ్యూచర్స్ అనే కింది మెట్టు ప్రో టోర్నీ కూడా గెలిచాడు. కానీ 666 ర్యాంకు అన్నం పెట్టదు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య తర్వాత 2013 సంవత్సరానికి లెక్కలు తీసింది. ప్రో టోర్నీలు ఆడిన దాదాపు 14 వేల మందిలో ఆరు వేల మందికి పైగా ఆ ఏడాది ఒక్క డాలరు కూడా సంపాదించలేదు. పెట్టిన ఖర్చు తిరిగి రావాలంటే మగవాళ్లకు 336లోపు, ఆడవాళ్లకు 253లోపు ర్యాంకు ఉండాలని తేలింది. ఇందులో కోచ్ జీతం కలపలేదు. అంటే 2004లో సోమ్‌దేవ్ ముందున్నది ఖర్చుల దారే. ఆ దారి వదిలి చదువు వైపు మళ్లాడు, నాలుగేళ్ల తర్వాత వేరే ద్వారం గుండా అక్కడికే వచ్చాడు.

వచ్చిన తీరు నేను కళ్లారా చూశాను. నెల్లూరు వాళ్లకు వైద్యమైనా పెళ్లి బట్టలైనా చెన్నైయే దగ్గర. మాకు టెన్నిస్ కూడా అంతే. 2009 జనవరిలో చెన్నై ఓపెన్‌కు సోమ్‌దేవ్ వైల్డ్‌కార్డుతో, అంటే ర్యాంకు చాలకున్నా నిర్వాహకులిచ్చే చోటుతో వచ్చాడు. ర్యాంకు రెండొందలకు అవతల. రెండుసార్లు చెన్నై గెలిచిన కార్లోస్ మోయాను ఓడించాడని పేపర్లో చదివాం. తర్వాత ఆజానుబాహుడు ఇవో కార్లొవిచ్‌నూ ఓడించాడు. సెమీస్‌లో రైనర్ షూట్లర్ బరిలోకి దిగకపోవడంతో నేరుగా ఫైనల్‌కొచ్చాడు. భోగికి రెండు రోజుల ముందు, ఆదివారం ఫైనల్. ఇంట్లో అరిసెల పాకం పొయ్యి మీదుండగా మేం ముగ్గురం చెన్నై బండెక్కాం.

నుంగంబాకం స్టేడియంలో మాకు దొరికింది పై వరుస. మరిన్ చిలిచ్ 6-4, 7-6తో గెలిచాడు. స్కోరు కంటే నాకు బాగా గుర్తున్నది వేరే ఉంది. పాయింటు పోయిన ప్రతిసారీ సోమ్‌దేవ్ బేస్‌లైన్ వెనక్కి నడిచి, వేళ్లతో రాకెట్ తీగలు సరిచేసుకుని, అదే తీరుగా మళ్లీ నిలబడేవాడు. అంత పెద్ద ఫైనల్ అతనికి మొదటిసారి అని పై వరుసలో కూర్చున్న మాకు అనిపించలేదు. ఇస్నర్ ఊళ్లో, ఇస్నర్ జనం మధ్య టై-బ్రేక్ ఆడి వచ్చినవాడికి చెన్నైలో ఏం టెన్షన్? 2011లో 62వ ర్యాంకు దాకా వెళ్లాడు. తర్వాత భుజం గాయం అతన్ని వెనక్కి లాగిందన్నది వేరే కథ.

మేనమామ పక్షానికీ ఒక పెద్ద పేరుంది, సానియా మీర్జా. కాలేజీ గీలేజీ లేకుండా 2003లో, పదహారేళ్లకు ప్రో అయ్యింది. 2005లో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్, ఆ వెంటనే హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ, అంటే ఆడవాళ్ల ప్రో టెన్నిస్ సంఘం, సింగిల్స్ టైటిల్. కానీ ఆమె 2003లో వింబుల్డన్ జూనియర్ డబుల్స్ గెలిచాక ప్రో అయిన మనిషి. పైగా అప్పట్లో ఉమ్మడి రాష్ట్రంలో, సొంత ఊళ్లోనే డబ్ల్యూటీఏ టోర్నీ జరిగేది. సింగిల్స్ కంటే ముందు ఏడాది డబుల్స్ టైటిల్ కూడా అక్కడే గెలిచింది. ఆస్ట్రేలియాలోనూ వైల్డ్‌కార్డు దొరికింది. ఇవాళ నెల్లూరు పిల్లవాడికి ఇంటి ముంగిట అలాంటి టోర్నీ ఏది? చెన్నై ఓపెన్ కూడా 2017తో ఆగి, మరుసటి ఏడాది పుణెకు వెళ్లిపోయింది. తర్వాత ఆ స్థాయిలో చెన్నైకి తిరిగొచ్చింది ఆడవాళ్ల టోర్నీ మాత్రమే.

అప్పటికీ ఇప్పటికీ మధ్య ఇంకో దెబ్బ తగిలింది. కింది స్థాయి టోర్నీల్లో ఫిక్సింగ్ బెడద పెరిగిందని, ప్రోల సంఖ్య తగ్గించాలని 2019 జనవరిలో అంతర్జాతీయ సమాఖ్య పద్ధతి మార్చింది. మొత్తం బహుమతి 15 వేల డాలర్లుండే అడుగు మెట్టు టోర్నీల్లో గెలిచినా, ర్యాంకుకు ఆధారమైన ఏటీపీ పాయింట్లు రావన్నారు. రాత్రికి రాత్రి వందలాది కుర్రాళ్లు ర్యాంకు జాబితా నుంచి మాయమయ్యారు. గోల పెరగడంతో అదే ఏడాది ఆగస్టులో వెనక్కి తగ్గి పాయింట్లు తిరిగిచ్చారు. అయినా ఆ ఏడెనిమిది నెలలు ప్రోగా తిరిగిన పిల్లలకు ఆ డబ్బెవరిస్తారు? కాలేజీలో ఉన్నవాళ్లు ఆ నెలలు మామూలుగానే ఆడుకున్నారు.

బహుమతుల తీరు కూడా తెలిసి ఉండాలి. మగవాళ్ల 15 వేల డాలర్ల టోర్నీలో మెయిన్ డ్రా, అంటే అసలు పోటీ, తొలి రౌండ్‌లో ఓడితే దక్కేది 156 డాలర్లు. టైటిల్ గెలిచినా 2,160. దేశంలో నంబర్ వన్‌గా ఉన్న సుమిత్ నగాల్ తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలే మిగిలాయని 2023లో చెప్పుకున్నాడు. అతను కూడా వింబుల్డన్ జూనియర్ డబుల్స్ గెలిచినవాడే.

మన విజయవాడలో పుట్టిన సాకేత్ మైనేని కూడా సోమ్‌దేవ్ దారే పట్టాడు. అలబామా యూనివర్సిటీ తరఫున ఆడి, చదువయ్యాక ప్రో అయ్యాడు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం సానియాతో కలిసి గెలిచాడు. 2016లో 28 ఏళ్ల వయసులో క్వాలిఫయింగ్ (అర్హత) మ్యాచ్‌లు గెలిచి యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాలో అడుగుపెట్టాడు. జిరి వెసెలీపై అయిదు సెట్లు, చేతిలో మ్యాచ్ పాయింట్, కాళ్లు పట్టేసి ఓడిపోయాడు. ఆ ఓటమికి దక్కింది 43 వేల డాలర్లకు పైనే. 156 డాలర్ల దగ్గర ఆగిపోకుండా అక్కడిదాకా నిలవగలగడమే అసలు సంగతి.

కాలేజీ దారి పూలబాటని నేను చెప్పను. 2025 మే నెలాఖరులో విద్యార్థి వీసా ఇంటర్వ్యూల కొత్త స్లాట్లు మూడు వారాలు ఆగిపోయినప్పుడు ఇక్కడి ఇళ్లలో ఎంత కంగారు పడ్డారో చూశాను. స్కాలర్‌షిప్పులూ అంత సులభం కాదు. అక్కడి పై స్థాయి జట్లలో చాలా ఏళ్లు అబ్బాయిల జట్టు మొత్తానికి నాలుగున్నర స్కాలర్‌షిప్పులే ఉండేవి, వాటినే పంచేవారు. నెల్లూరు కుర్రాడికి సగం అనడం చిన్న మాట కాదు. అమ్మాయిల జట్టుకు ఎనిమిది పూర్తి స్కాలర్‌షిప్పులుండేవి. ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ దారి గురించి ఇంకా ఎక్కువ ఆలోచించాలి. 2025లో కాలేజీ ఆటగాళ్ల కేసులో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందం తర్వాత, దానికి ఒప్పుకున్న యూనివర్సిటీల్లో స్కాలర్‌షిప్పుల పరిమితి పోయి, జట్టులో పదిమందికి మించకూడదన్న నియమం వచ్చింది. సీట్లు తగ్గాయి కాబట్టి చేతికొచ్చిన సీటుకు విలువ పెరిగింది.

అక్కడి పై స్థాయి జట్టులో ఆడాలంటే, తొమ్మిదో తరగతి నుంచి చదివిన సబ్జెక్టుల్లో పదహారు లెక్కకు రావాలన్న నియమం కూడా ఉంది. అందుకే పదో తరగతి మార్కుల కాగితం ఇప్పుడు బీరువాలోంచి బయటకొచ్చింది.

"ఒక్క ఏడాది తిప్పుదాం, కుదరకపోతే అప్పుడు కాలేజీ" అన్న మాటలోనే చిక్కుంది. అమెరికా కాలేజీ టెన్నిస్‌లో చాలా ఏళ్లుగా ఉన్న నియమం ప్రకారం, హైస్కూలు చదువు, అంటే మనకు ఇంటర్, సకాలంలో ముగియాల్సిన తేదీ నుంచి ఆరు నెలలే గడువు. ఆ తర్వాత కూడా కాలేజీలో చేరకుండా టోర్నీలు ఆడితే, కాలేజీలో ఆడే నాలుగు సీజన్లలో ఒకటి పోతుంది, చేరిన మొదటి ఏడాది బెంచీ మీద కూర్చోవాలి. సోమ్‌దేవ్‌కు ఇస్నర్ ఎదురైంది మూడో ఏడాది, 44-1 వచ్చింది నాలుగో ఏడాది. అందులో ఒక్కటి తగ్గితే ఏమవుతుందో మేనమామ లెక్కలో లేదు.

నిన్న సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. కుర్రాడు వాకిట్లో కూర్చుని రాకెట్ పిడికి కొత్త గ్రిప్ చుడుతున్నాడు. వాళ్ల నాన్న నోటుబుక్కు నా ముందు పెట్టాడు. ఎడమ పక్క ఇప్పటిదాకా అయిన ఖర్చులు, కుడి పక్క మేనమామ రాసిన పర్యటనల పట్టిక. ఇంటర్ పరీక్షలు మార్చిలో అయ్యాయి. అక్కడి నుంచి లెక్కేస్తే గడువు సెప్టెంబరులో, ఫలితాలొచ్చే ఏప్రిల్ నుంచి లెక్కేసినా అక్టోబరులో ముగుస్తుంది. పట్టికలోని తొమ్మిది టోర్నీల్లో ఏడు ఆ తర్వాతవే. ఆయన పెన్సిల్ తీసుకుని, అక్టోబరు కింద అడ్డంగా ఒక గీత గీశాడు.