"నాకేం రాదండీ" అనడమే వినయమా?

ప్రియమైన పిల్లలూ,

మీ అందరికీ యేసు ప్రభువు పేరున దీవెనలు.

సత్యోపదేశం (క్యాటెకిజం) క్లాసులో మీరు రాసిచ్చిన చీటీలన్నీ చదివాను. వాటిలో ఒకటి నాకు మరీ నచ్చింది. "చర్చిలో పూజప్పుడు నేను పాట పాడాక అందరూ బాగా పాడావంటారు. నేనేమో అబ్బే, నాకేం రాదండీ అంటాను. లోపల మాత్రం భలే సంతోషంగా ఉంటుంది. ఇది వినయమా, అబద్ధమా?" అని అడిగారు. పేరు రాయలేదు. రాయకపోయినా పర్లేదు, ఇది ఒక్కరి ప్రశ్న కాదు.

సూటిగా చెప్పేస్తాను. అది వినయం కాదు. అలాగని ఫాదరుగారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి పరుగెత్తాల్సినంత పాపమూ కాదు, టెన్షన్ పడకండి. మర్యాద కోసం నోటికి అలవాటైన మాట, అంతే. కాకపోతే ఆ మాట అన్న మరుక్షణం మన చెవులు ఏం చేస్తాయో కాస్త గమనించండి. "అయ్యో, అలా అంటావేం, ఎంత బాగా పాడావో!" అని ఎవరైనా అంటారేమోనని నిక్కబొడుచుకుని ఉంటాయి. ఒకసారి వచ్చిన పొగడ్తను రెండోసారి కూడా రాబట్టుకునే ఉపాయం అది.

ఈ ఉపాయాన్ని నాలుగు వందల ఏళ్ల కిందటే పట్టేసిన మహానుభావుడు ఒకాయన ఉన్నారు. ఆయన పునీత (సెయింట్) ఫ్రాన్సిస్ డి సేల్స్, జెనీవా మేత్రాణి (బిషప్పు). మఠాల్లో ఉండేవాళ్లకే కాదు, ఇల్లూ వాకిలీ ఉద్యోగాలూ ఉన్నవాళ్లకీ భక్తి జీవితం సాధ్యమేనని 1609లో ఒక పుస్తకం అచ్చు వేయించారు. అందులో దొంగ వినయాన్ని ఆయన ఉతికి ఆరేశారు. మేం ఎందుకూ కొరగానివాళ్లం అని మనమే అంటాం, ఎదుటివాళ్లు "అవును, నిజమే" అంటే మాత్రం ముఖం మాడ్చుకుంటాం అన్నారు. వెతుక్కుంటూ రావాలనే దాక్కుంటామట. ముందుకు రమ్మని పిలిపించుకోవడానికే వెనక వరసలో కూర్చుంటామట. చదువుతుంటే నవ్వొస్తుంది, ఆ తర్వాత కొంచెం సిగ్గూ వేస్తుంది. నోటితో మనల్ని మనం తక్కువ చేసుకునే మాటలు అసలు అనకపోవడమే మేలనీ, మనసులో నిజంగా అలా అనిపిస్తేనే అనాలనీ ఆయన సలహా.

మరి వినయమంటే ఏమిటి? ఆవిలా పునీత తెరేజమ్మ (1515–1582) ఒకసారి ఇదే ఆలోచనలో పడ్డారు. దేవుడికి ఈ గుణమంటే ఎందుకింత ఇష్టం అని. ఆయనే సత్యం కాబట్టి, వినయమంటే సత్యంలో నడవడం కాబట్టి అని ఆమెకు తట్టింది. నాకు తెలిసి దీనికన్నా మంచి జవాబు ఇంకెవరూ చెప్పలేదు. మీకు గొంతు బాగుంటే బాగున్నట్టే, అది నిజం. ఆ గొంతు మీరు చేసుకున్నది కాదు, దేవుడిచ్చింది, అదీ నిజమే. మొదటిది దాచిపెడితే అబద్ధమవుతుంది, రెండోది మరిచిపోతే గర్వమవుతుంది. పునీత పౌలుగారు కొరింతు వాళ్లను నిలదీసింది కూడా ఇదే. మీకున్నదాంట్లో ఎవరూ ఇవ్వకుండా వచ్చింది ఏముంది, ఇస్తే వచ్చినప్పుడు మీ సొంతమైనట్టు గొప్పలెందుకు?

మరియతల్లిని చూడండి. ఎలిజబెతమ్మ ఇంటికి వెళ్లగానే ఆమె ఎలుగెత్తి పొగిడింది. స్త్రీలందరిలో నువ్వు ధన్యురాలివంది. మరియతల్లి "అబ్బే, నాదేముంది" అనలేదు. పైగా ఇకనుంచి తరతరాలవాళ్లు నన్ను ధన్యురాలని అంటారని తనే అంది. ఈ మాట ఇంకెవరైనా అంటే ఎంత గర్వం అనుకుంటాం! కానీ దాని ముందూ వెనకా ఏముందో చూడండి. దేవుడు తన దాసి దీనస్థితిని కటాక్షించాడని ముందు ఉంది, సర్వశక్తిమంతుడు నాకు గొప్ప కార్యాలు చేశాడని వెనక ఉంది. పొగడ్తను తోసెయ్యలేదు, తన దగ్గర పెట్టుకోనూ లేదు, వచ్చిన చోటికి పంపించేసింది. శ్రీసభ, అంటే మన కథోలిక సంఘం, మరియతల్లి పాడిన ఈ కీర్తనను ప్రతిరోజూ సాయంకాల ప్రార్థనలో పాడుతుంది. లూకా సువిశేషం మొదటి అధ్యాయంలో ఉంది, ఇవాళ ఒకసారి మెల్లగా చదవండి.

ఇక మీ వయసు అమ్మాయి కథ ఒకటి చెబుతాను, కాస్త వివరంగా.

ఫ్రాన్సులోని లూర్దు ఊళ్లో మరియతల్లి ఇచ్చిన దర్శనాల గురించి మీకు తెలుసు. 1858 ఫిబ్రవరి 11న మొదటి దర్శనం జరిగినప్పుడు బెర్నదెత్తకు 14 ఏళ్లు. వాళ్ల నాన్న పిండిమర నడిపి నష్టపోయాడు. ఇంటిల్లిపాదీ ఒకప్పుడు జైలుగా వాడి వదిలేసిన ఒక గదిలో తలదాచుకున్నారు. పిల్లకు ఉబ్బసం. చదవడం రాయడం రాదు. ఆ ఊరి యాస తప్ప మంచి ఫ్రెంచి రాకపోవడంతో సత్యోపదేశం కూడా సరిగ్గా ఎక్కేది కాదు. అప్పటికింకా మొదటి దివ్యసత్ప్రసాదం (ఫస్ట్ కమ్యూనియన్) కూడా తీసుకోలేదు.

పది రోజులకే, ఫిబ్రవరి 21న, పోలీసు అధికారి జకోమె ఆమెను పిలిపించి ప్రశ్నలు వేశాడు. చెప్పినవి రాసుకున్నాడు. తర్వాత ఆమెకు చదివి వినిపిస్తూ, తడబడుతుందేమోనని అక్కడక్కడా మాటలు మార్చాడు. ఆమె మార్చిన ప్రతిచోటా ఆపింది. నేను అలా అనలేదు, మీరు మార్చేశారండీ అంది. పేదింటి పిల్ల, చదువురాని పిల్ల, ఎదురుగా అధికారి. గొంతు పెంచలేదు, తగ్గించుకోనూ లేదు. తాను చూసింది మరియమాతను అని కూడా అప్పటికి ఆమె అనలేదు. చూసినదాన్ని తన యాసలో "అది" అనే అనేది. ఎంత తెలుసో అంతే చెప్పింది. ఒక్క మాట ఎక్కువ కాదు, తక్కువ కాదు. వినయమంటే తల వంచుకుని ఎవరేమన్నా సరేననడం అని మనం అనుకుంటాం కదా, అలాంటప్పుడు ఈ పిల్లను గుర్తు తెచ్చుకోండి.

మొత్తం 18 దర్శనాలు అయ్యాయి. జనం తండోపతండాలుగా వచ్చారు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. 1866లో నెవేరు మఠంలో చేరింది. మరుసటి ఏడు సన్యాసినిగా మాటపట్టు ఇచ్చాక, ఎవరికి ఏ పని అప్పగించాలో మేత్రాణి చెబుతున్నారు. ఈమె వంతు వచ్చేసరికి మఠ పెద్దమ్మ, ఈమె ఎందుకూ పనికిరాదని అందరి ముందూ అనేసింది. "నిజమేనా?" అని మేత్రాణి అడిగారు. "నిజమే" అంది బెర్నదెత్త. నీకు ప్రార్థన చేసే పని ఇస్తున్నాను అన్నారాయన. ఆ పెద్దమ్మ చేసింది మంచి పనని నేను అనను. ఒక మనిషిని దీనురాలిని చేయడానికి పదిమందిలో చిన్నబుచ్చాలన్న ఆలోచన నాకు ఎన్నడూ రుచించలేదు. నేను చూడమనేది ఆ అమ్మాయి జవాబును. పోలీసు అధికారి అబద్ధం కలిపితే కాదంది, పెద్దమ్మ మాటలో తనకు నిజం కనబడితే ఔనంది. రెండుచోట్లా ఒకే గుణం.

తర్వాత్తర్వాత ఒక సిస్టరు, దర్శనాలు జరిగిన లూర్దు గుహ బొమ్మ చూపించి మాట కలిపితే, చీపురుతో పనైపోయాక ఏం చేస్తారు అని బెర్నదెత్త ఎదురు అడిగింది. తలుపు వెనక పెడతారు కదా, మరియమ్మ నాతో పని చేయించుకుంది, మళ్లీ నా మూలన నన్ను పెట్టింది, నాకు అక్కడ హాయిగానే ఉంది అంది. 35 ఏళ్లకే, 1879లో కన్నుమూసింది. 1933లో శ్రీసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది.

దీనికి దగ్గరగా ఉండేదే పునీత జాన్ మరియ వియాన్నీగారి సంగతి. లాటిన్ ఒంటబట్టక గురువు (ఫాదరు) కావడానికే నానా తంటాలు పడ్డారాయన. 1818లో ఆయన్ని ఆర్స్ అనే చిన్న పల్లెకు పంపారు, అక్కడ రెండు మూడు వందల మంది కంటే ఎక్కువ లేరు. పోనుపోను ఆయన దగ్గర పాపసంకీర్తనం చేయడానికి ఎక్కడెక్కడి జనమో రావడం మొదలైంది. చుట్టుపక్కల గురువులకు అది మింగుడుపడలేదు. ఈయనకు ఏమీ తెలియదు, తీసేయండి అని మేత్రాణికి ఒక అర్జీ తయారు చేసి సంతకాల కోసం తిప్పారు. అది పొరపాటున ఆయన చేతికే వచ్చింది. ఆయన చదివి, కింద తన సంతకం కూడా చేసి పంపించేశారు! ఫ్రాన్సిస్ డి సేల్స్‌గారు పెట్టిన పరీక్ష ఇదే కదా. మనల్ని మనం తిట్టుకోవడం తేలికే. అదే మాట పక్కవాడు కాగితం మీద పెట్టినప్పుడు మన చెయ్యి ఎటు పోతుందన్నదే అసలు సంగతి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట చెప్పకుండా ముందుకు వెళ్లను. ఎవరైనా మిమ్మల్ని కొడుతున్నా, భయపెడుతున్నా, చేయకూడని పని చేయమంటున్నా, వినయం పేరుతో నోరు మూసుకుని ఉండకండి. అలా ఉండమని చెప్పేవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా సరే, ఏ బట్టలు వేసుకున్నవాళ్లయినా సరే, తప్పు చెబుతున్నారు. ప్రధానార్చకుడి ముందు ఒక భటుడు యేసు ప్రభువును చెంపమీద కొడితే ఆయన ఊరుకోలేదు. నేను తప్పు మాట్లాడితే చూపించు, సరిగ్గా మాట్లాడితే నన్నెందుకు కొడతావు అని అడిగారు. యోహాను సువిశేషం 18వ అధ్యాయంలో ఉంది. తిరిగి కొట్టలేదు, కానీ అడిగారు. మీరూ అడగండి, వెంటనే నమ్మకమైన పెద్దవాళ్లకు చెప్పండి.

ఈ వినయం ఎలా అలవడుతుందని మీలో కొందరు అడిగారు. ఆరో శతాబ్దంలో పునీత బెనెడిక్టుగారు తన మఠ నియమావళి ఏడో అధ్యాయంలో దీనికి 12 మెట్లున్న నిచ్చెన వేశారు. అది సన్యాసుల కోసం రాసింది. అందులో పదో మెట్టు, ఊరికే నవ్వేయకూడదంటుంది. మీరు ఆ మెట్టు ఎక్కకపోతేనే నాకు సంతోషం. మీకు పూజ చాలు. మనకు తెలియకుండానే ఆదివారం ఆదివారం అది నేర్పిస్తూ ఉంటుంది. మొదట్లోనే రొమ్ము కొట్టుకుంటూ నా తప్పు వల్లనే అంటాం. అమ్మ వల్లా తమ్ముడి వల్లా అనం, గమనించారా?

దివ్యసత్ప్రసాదం తీసుకునే ముందు మనం చెప్పే మాట ఇంకా గొప్పది. ప్రభువా, నీవు నాలోకి రావడానికి నేను యోగ్యుణ్ణి కాను అంటాం. ఇది ఒక రోమా శతాధిపతి మాట. ఆయన తన అధికారాన్ని దాచుకోలేదు. నా కింద సైనికులున్నారు, ఒకణ్ణి వెళ్లమంటే వెళతాడు, ఇంకొకణ్ణి రమ్మంటే వస్తాడు అని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ నోటితోనే, మీరు నా ఇంట్లో అడుగుపెట్టడానికి నేను తగను అన్నాడు. ఇక మనం ఏం చేస్తామో చూడండి. యోగ్యుణ్ణి కాను అని చెప్పి వెనక్కి వెళ్లి కూర్చోం. లేచి ముందుకు వెళ్లి స్వీకరిస్తాం. ఇది అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. తగనని ఒప్పుకోవడమూ ఇచ్చింది పుచ్చుకోవడమూ ఒకే వరసలో నడుస్తాయి.

పేతురుగారికి కుదరనిది ఇదే. కడరాత్రి భోజనం దగ్గర ప్రభువు పాదాలు కడుగుతుంటే, మీరు నా పాదాలు కడగడమా, ఎన్నటికీ వద్దు అన్నారాయన. చూడటానికి ఎంత వినయం! ప్రభువు మాత్రం ఒప్పుకోలేదు. కడగకపోతే నాతో నీకు భాగం లేదన్నారు. వెంటనే పేతురుగారు, అయితే చేతులూ తలా కూడా కడగండి అన్నారు. పాపం, ఆయనకు ఏదైనా ఒక చివరే! పవిత్ర గురువారం సాయంత్రం గురువు పాదాలు కడుగుతున్నప్పుడు మనం కడిగేవారినే చూస్తాం. ఈసారి కుర్చీలో కూర్చున్నవాళ్ల ముఖాలు చూడండి. పాదాలు ముందుకు చాపడానికి వాళ్లు పడే మొహమాటం చూస్తే, కడగడం కంటే కడిగించుకోవడమే కష్టమని తెలుస్తుంది. 2013లో ఫ్రాన్సిస్ పాపుగారు (పోప్) రోములో బాలనేరస్థుల జైలుకు వెళ్లి 12 మంది పాదాలు కడిగి ముద్దుపెట్టుకున్నారు. ఆ మరుసటి ఏడు తపస్సుకాలంలో (లెంట్) పునీత పేతురు మహాదేవాలయంలో అందరూ చూస్తుండగా ఒక మామూలు గురువు ముందు మోకరించి పాపసంకీర్తనం చేశారు. రెండిట్లో ఏది వినయమని అడిగితే, నేను రెండోదాని వైపు కొంచెం ఎక్కువ మొగ్గుతాను.

చివరగా, మీలో పెద్దపిల్లలు వినయ ప్రార్థనామాల గురించి అడిగారు. కార్డినల్ మెర్రీ దెల్ వాల్ (1865–1930) పేరుతో ప్రచారంలో ఉన్న ప్రార్థన అది. పొగడ్తలు కావాలన్న కోరిక నుంచి, నన్ను మరిచిపోతారన్న భయం నుంచి విడిపించు యేసువా అంటూ సాగుతుంది. కోరికలకు ఎంత చోటుందో భయాలకూ అంత చోటుంది, నాకు అది నచ్చుతుంది. గట్టి ప్రార్థన. పదమూడు పద్నాలుగేళ్లకు మొత్తం చెప్పేయాలనేం లేదు. మనసు బాగోనప్పుడు, నేనెందుకూ పనికిరాను అనిపిస్తున్నప్పుడు అసలు ముట్టుకోకండి, అప్పుడు మరియతల్లి కీర్తన చదువుకోండి. మామూలు రోజుల్లో మాత్రం దాని ఆఖరి వాక్యంతో మొదలుపెట్టవచ్చు. నేను ఎంత పవిత్రంగా ఉండాలో అంత ఉంటే చాలు, ఇతరులు నాకంటే పవిత్రులైతే కానీ అని దాని భావం. మీకంటే బాగా పాడే స్నేహితురాలిని తలుచుకుంటూ ఒకసారి చెప్పి చూడండి, నోరు ఎక్కడ తడబడుతుందో మీకే తెలుస్తుంది.

మిగతా చీటీలకు వచ్చే ఉత్తరంలో జవాబు రాస్తాను. జపమాల రహస్యాల గురించి అడిగినవాళ్లు కొంచెం ఓపిక పట్టండి, అది పెద్ద ఉత్తరమే అవుతుంది.

ప్రేమతో,
మీ అమ్మమ్మ