లోతు సముద్రపు పవర్ కేబుళ్లు: రాగి లావైతే బలం రాదు

అపోహ: కండక్టర్ (కేబుల్‌లో కరెంటు మోసే లోహపు తీగ) సైజు పెంచితే వోల్టేజీ డ్రాప్ తగ్గుతుంది, కేబులూ గట్టిపడుతుంది.

వాస్తవం: మొదటి సగం నిజమే. కొంప ముంచేది రెండో సగం. సముద్రపు నీటిలో వేలాడే రాగిలో, తన బరువు వల్లే ప్రతి 100 మీటర్లకు 7.8 మెగాపాస్కల్ లాగుడు పడుతుంది. కేబుళ్లలో వాడే మెత్తటి రాగి 70 దగ్గర శాశ్వతంగా సాగిపోతుంది. అంటే 900 మీటర్లు దాటాక రాగి తనను తానే మోయలేదు. సైజు రెట్టింపు చేస్తే బరువూ రెట్టింపే కాబట్టి ఆ 900 కదలదు. కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న కేజీ-డీ6 గ్యాస్ క్షేత్రపు ఆర్-క్లస్టర్‌లో లోతు 2,000 మీటర్లకు పైనే. అక్కడ ఓడ నుంచి దింపే అంబిలికల్ (పవర్ కేబుళ్లు, ట్యూబులు కలిపి కట్టిన లావాటి కట్ట) అంత మేరా వేలాడాల్సిందే. ఆ బరువును మోయాల్సింది ఆర్మర్ వైర్లు (చుట్టూ చుట్టే స్టీలు తీగలు), స్టీలు ట్యూబులు, కార్బన్ ఫైబర్ రాడ్లు.

మోయకపోతే రాగి వెంటనే తెగదు, అదే చిక్కు. అంబిలికల్ నేల మీద పడి లాగుడు తగ్గగానే స్టీలు వెనక్కి వస్తుంది, సాగిన రాగి రాదు. పొడవెక్కువైన పోగులు ఇన్సులేషన్ లోపలే జెడ్ ఆకారంలో మడతపడి, లోపలి నుంచి దాన్ని పొడుస్తాయి. దింపిన రోజు కంటిన్యుటీ టెస్టు (తీగ తెగలేదని చూసేది) పాసవుతుంది. తర్వాతెప్పుడో మెగ్గర్ రీడింగ్ (ఇన్సులేషన్ నిరోధం) జారుతుంది. అందుకే డిజైన్ రివ్యూలో సైజు కంటే ముందు అడగాల్సింది: దింపేటప్పుడు రాగిలో గరిష్ఠ స్ట్రెయిన్ (పొడవుతో పోలిస్తే సాగుడు) ఎంత? కోర్ల (ఇన్సులేషన్ తొడిగిన ఒక్కో కండక్టర్) మెలిక కోణం ఎంత? సాగుడులో ఆ మెలిక ఎంత తీసుకుంటుంది?

అపోహ: అల్యూమినియం చవకబారు ప్రత్యామ్నాయం.

95 చదరపు మిల్లీమీటర్ల రాగికి నిరోధం కిలోమీటరుకు 0.193 ఓమ్, 150 అల్యూమినియానికి 0.206. దాదాపు సమానం. నీటిలో బరువు మాత్రం మూడో వంతే. అయితే లావు పెరుగుతుంది, జాయింట్ల దగ్గర ఆక్సైడ్ పొరను వదిలించాలి. నీళ్లు చొరబడితే అల్యూమినియం తినేసుకుపోతూ హైడ్రోజన్ వదులుతుంది. మెత్తటి గ్రేడు మరీ బలహీనం, కాబట్టి ఏ టెంపరో (లోహం ఎంత గట్టిదో చెప్పే స్థాయి) స్పెక్‌లో రాయించుకోండి.

అపోహ: కార్బన్ నానోట్యూబులొచ్చాయి, రాగి పని అయిపోయింది.

ఈ వదంతికి విసుగొస్తుంది. నానోట్యూబులంటే కార్బన్ పరమాణువులతో అల్లుకున్న అతి సన్నని గొట్టాలు. అమెరికాలోని రైస్ యూనివర్సిటీ 2021లో చూపిన నానోట్యూబు పోగు వాహకత మీటరుకు 10.9 మెగాసీమెన్స్, రాగిది 58. బరువుతో పోల్చుకుంటే రాగికి దగ్గరగా వస్తుంది, బలం అమోఘం. కానీ అదే కరెంటుకు ఐదింతలు అడ్డుకోత కావాలి, దాని చుట్టూ ఇన్సులేషనూ ఆర్మరూ పెరుగుతాయి. ఒక్కో ట్యూబు గొప్పదే, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎలక్ట్రాన్లు దూకేచోటే నిరోధం.

అపోహ: 200 బార్ పీడనానికి కండక్టర్ నలిగిపోతుంది.

కొత్తగా చేరినవాళ్ల కంగారు అర్థమవుతుంది, కానీ పీడనం అన్ని వైపులా సమానం, రాగికి లెక్క లేదు. భయపడాల్సింది ఒకచోట దూరిన నీరు పోగుల సందుల్లో మీటర్ల కొద్దీ పాకడానికి. సందులు నీటిని ఆపే కాంపౌండ్‌తో నింపారో లేదో చూడండి.

అపోహ: మంచి లోహం దొరికితే ఎంత దూరమైనా ఏసీ పంపొచ్చు.

దూరం పెరిగితే అడ్డుపడేది ఇన్సులేషన్ కెపాసిటెన్స్ (చార్జిని నిల్వ చేసుకునే గుణం) లాక్కునే చార్జింగ్ కరెంటు. లోహం మారిస్తే అది తగ్గదు. నార్వేలో మార్టిన్ లింగె చమురు-గ్యాస్ క్షేత్రానికి 162 కిలోమీటర్లు ఏసీలోనే నెట్టుకొచ్చారు, 200 కిలోమీటర్ల దూరంలోని చమురు క్షేత్రం యోహాన్ స్వెర్‌డ్రుప్‌కు డీసీ వేశారు.