సముద్రపు మట్టి నుంచి మందు దాకా: వాటాల పేచీ ఎక్కడ ముదిరింది?

సముద్ర జీవుల నుంచి తీసే మందుల్లో ఎవరికెంత వాటా అన్న పేచీ మళ్లీ రాజుకుంది. ఐక్యరాజ్యసమితి హై సీస్ ఒప్పందం 2026 జనవరి 17న అమల్లోకి రావడమే కారణం. ఏ దేశ పరిధిలోకీ రాని సముద్రంలోని జీవుల జన్యువులతో లాభం వస్తే అందరూ పంచుకోవాలంటుంది అది. ఈ పేచీలో అసలు మలుపు 2007.

ఆ ఏడాది సాలినిస్పోరా ట్రోపికా అనే బ్యాక్టీరియా జన్యుక్రమం, అంటే దాని డీఎన్ఏలోని అక్షరాల వరుస, మొత్తం బయటికొచ్చింది. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థకు చెందిన విలియం ఫెనికల్, పాల్ జెన్సన్ బృందం ఈ జాతిని 1980ల చివర్లో బహామాస్ దగ్గర సముద్రం అడుగు మట్టిలో పట్టుకుంది. ల్యాబ్‌లో నారింజ రంగులో పెరిగి, స్పోర్లు (విత్తనాల్లాంటి కణాలు) వచ్చేసరికి నల్లబడుతుంది. సముద్రపు నీళ్లు లేకపోతే ఎదగనని మొండికేస్తుంది. దీన్నుంచే తీసిన సాలినోస్పోరమైడ్-ఎ అనే రసాయనం గురించి 2003లో ప్రకటించారు. కణంలో పనైపోయిన ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాజోమ్‌ను అది అడ్డుకుంటుంది. అదీ అలా ఇలా కాదు. ప్రోటియాజోమ్‌కు అతుక్కున్నాక దానిలోని క్లోరిన్ ఊడిపోయి ఒక వలయం ఏర్పడుతుంది, ఇక విడివడే దారే ఉండదు. 2003లోనే, అదే ప్రోటియాజోమ్ మీద పనిచేసే బోర్టెజోమిబ్ అనే క్యాన్సర్ మందుకు అమెరికా అనుమతి ఇవ్వడంతో ఈ తరహా మందులకు గిరాకీ పెరిగింది.

జన్యుక్రమం చేతికొచ్చాక లెక్క మారింది. సుమారు 52 లక్షల అక్షరాల ఆ క్రమంలో దాదాపు పదో వంతు ఇలాంటి రసాయనాల తయారీకే సంబంధించినది. క్లోరిన్ అతికించే జన్యువును గుర్తించారు. దాన్ని మార్చి, క్లోరిన్ బదులు ఫ్లోరిన్ ఉన్న రకాన్నీ పుట్టించారు. ఈ పని చెయ్యడానికి మళ్లీ బహామాస్ వెళ్లక్కర్లేదు, ఎవరి పర్మిషనూ అడగక్కర్లేదు.

వర్ధమాన దేశాల అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. తీరం ఉన్న దేశానికి జీవవనరుల మీద హక్కు ఇచ్చిన జీవవైవిధ్య ఒప్పందం 1993 చివర్లో గానీ అమల్లోకి రాలేదు. అప్పటికే ఆ మట్టి కాలిఫోర్నియా చేరింది. అమెరికా ఆ ఒప్పందంలో ఇప్పటికీ చేరలేదు. దానికి అనుబంధంగా 2014 నుంచి అమలవుతున్న నగోయా ప్రోటోకాల్ వాటాల సంగతి తేల్చినా, కంప్యూటర్‌లో ఉన్న జన్యుక్రమం దాని కిందికి వస్తుందా లేదా అన్నది నలుగుతూనే ఉండిపోయింది. అందుకే హై సీస్ చర్చల్లో, భారత్ కూడా ఉన్న వర్ధమాన దేశాల కూటమి జీ-77 జన్యుక్రమ సమాచారాన్నీ చేర్చాలని పట్టుబట్టింది, సాధించింది. ఒప్పందానికి ముందు సేకరించిన నమూనాలను ఇప్పుడు వాడుకున్నా నిబంధనలు వర్తిస్తాయి. కాకపోతే సంతకం చేసేటప్పుడో, ఆమోదించేటప్పుడో రాతపూర్వకంగా మినహాయింపు కోరే వీలుంది. ఆ సందు చిన్నదేం కాదు.

పరిశోధన ఖర్చెక్కువ, చాలా మందులు మధ్యలోనే పోతాయి, పంచడానికి ఏముంటుందన్నది పరిశ్రమ వాదన. నిజమే, మరిజోమిబ్ పేరుతో ఈ సాలినోస్పోరమైడ్-ఎ మందే గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌పై మూడో దశ పరీక్షల్లో ప్రయోజనం చూపలేదు.

డబ్బు ఎలా పంచాలో హై సీస్ ఒప్పంద సభ్యదేశాల సదస్సు తేల్చాలి. దాని మొదటి సమావేశం ఒప్పందం అమలైన ఏడాదిలోపే జరగాలి. అప్పటిదాకా సంపన్న సభ్యదేశాలు, సదస్సు బడ్జెట్‌కు తాము కట్టే వాటాలో సగానికి సమానమైన మొత్తాన్ని ఏటా ప్రత్యేక నిధికి అదనంగా జమ చెయ్యాలి. అమెరికా ఈ ఒప్పందంపై 2023లోనే సంతకం పెట్టింది గానీ, అది అమల్లోకి వచ్చే నాటికి దాన్ని ఆమోదించనే లేదు.