పన్నెండు రోజుకు రెండుసార్లు కొడుతుంది

చిరంజీవులు పెద్దోడికీ, చిన్నోడికీ, అమ్మణ్ణికీ ఒంగోలు నుంచి తాత ఆశీస్సులు.

నిన్న ఫోన్లో ముగ్గురూ ఒకేసారి చెబుతుంటే సగమే చెవికెక్కింది. కావలి ఇంట్లో మూలనపడ్డ మన మారుతి 800కు మీ చేతులతో మీరే ఇంజను పని చేశారని విన్నాక సంతోషంతో నాకు రాత్రి నిద్ర పట్టలేదు. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది కానీ అంటుకోవడం లేదనీ, ఉండుండి కార్బొరేటర్లోంచి ఫట్‌మని మంట వస్తోందనీ అన్నారు. కాయిలు మార్చారు, ప్లగ్గులు మార్చారు. ఇక ఏమీ కొనకండి. సెల్ఫ్ కూడా కొట్టకండి. మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిలును కడిగేస్తుంది. పిస్టన్లకు వేసిన కొత్త రింగులకు అది మంచిది కాదు.

ఇంజను తిరిగే తీరు ముందు మనసులో పడాలి. పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం, ఈ నాలుగూ పూర్తయ్యేలోపు క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) 2 చుట్లు తిరుగుతుంది, అంటే 720 డిగ్రీలు. క్యామ్ (వాల్వులను తెరిచి మూసే ఇరుసు) మాత్రం ఒక్క చుట్టే. అందుకే క్యామ్ పుల్లీకి క్రాంకు పుల్లీకన్నా రెట్టింపు పళ్లుంటాయి. దీన్నిబట్టి ఒకటో పిస్టన్ పైకి చేరడం రెండుసార్లు జరుగుతుంది. ఒకసారి గాలిని నొక్కి పట్టి, ఇంకోసారి పొగను బయటికి తోసి. క్రాంకు పుల్లీ మీది గీత రెండుసార్లూ అదే చోటికి వస్తుంది. గోడ గడియారం చూడండి, ముల్లులు రెండూ పన్నెండు మీద ఉంటాయి. అది మధ్యాహ్నమా, అర్ధరాత్రా గడియారం చెప్పదు, వాకిట్లోకి వచ్చి చూడాలి.

ఇంజనుకు ఆ వాకిలి ప్లగ్గు రంధ్రమే. ప్లగ్గులన్నీ ఊడదీసి, ఒకటో నంబరు రంధ్రం మీద బొటనవేలు గట్టిగా అదిమి, చిన్నోడిచేత క్రాంకు బోల్టుకు పానా వేయించి మెల్లగా తిప్పించండి. వేలిని గాలి తోసేస్తుంటే అది నొక్కే దెబ్బ. అప్పుడు పుల్లీ గీత ఇంజను మీది గుర్తుతో కలిసేచోట ఆపి, ప్లగ్గులకు వంతులవారీగా నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి. లోపల తిరిగే ముక్క, రోటర్, ఒకటో ప్లగ్గు వైరువైపు చూస్తోందా? సరిగ్గా ఎదురుదిక్కు చూస్తుంటే, అర్ధరాత్రిని మధ్యాహ్నం అనుకున్నట్టే. పొగ బయటికి పోవడం ముగిసి, పీల్చే వాల్వు అప్పుడే తెరుచుకుంటున్న వేళ నిప్పు పడుతోంది. లోపలికి రావలసిన పెట్రోలు ఆవిరి దారిలోనే అంటుకుని కార్బొరేటర్లోంచి వెనక్కి తంతుంది. మీరు చెప్పినదాన్నిబట్టి నాకు మొదటి అనుమానం ఇదే.

ఈ తప్పు నేనూ చేశాను. పనిలో చేరిన కొత్తల్లో ఒక అంబాసిడర్‌కు బోరు చేయించి ఇంజను బిగించాం. గీత కలిసింది కదా అని డిస్ట్రిబ్యూటర్ దించేశాను. సెల్ఫ్ కొడితే మంట లేచి ఎయిర్ ఫిల్టర్ మాడిపోయింది. మా మేస్త్రి ఒక్క మాట అనలేదు. ఒకటో ప్లగ్గు ఊడదీసి, నా బొటనవేలు పట్టుకుని రంధ్రం మీద పెట్టి, తానే ముందుకెళ్లి హ్యాండిల్ వేసి తిప్పాడు. గాలి వేలిని తోసింది. మూత తీస్తే రోటర్ నాలుగో నంబరువైపు చూస్తోంది. అంబాసిడర్ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-4-2. ఒకటికి ఎదురు నాలుగు, మూడుకు ఎదురు రెండు. ఆ వైర్లను ఒకదానికొకటి మార్చాడు, బండి అంటుకుంది.

ఈ చిట్కా మీ బండికి పనికిరాదు, గుర్తుపెట్టుకోండి. మీది 3 సిలిండర్లది, ఫైరింగ్ ఆర్డర్ 1-3-2. మూతలో వైర్లు 120 డిగ్రీలకొకటి ఉంటాయి. రోటర్ తప్పింది 180. వైర్లు ఎన్నిసార్లు మార్చినా అది కుదరదు. డిస్ట్రిబ్యూటర్ పైకి తీసి, రోటర్ తిప్పి, మళ్లీ దించాల్సిందే.

రోటర్ సరిగానే ఉందంటే, క్రాంకునూ క్యామ్‌నూ కలిపి తిప్పే టైమింగ్ బెల్టు కవరు తీయండి. బెల్టు ఒక్క పన్ను జారితే ఎంత తేడానో లెక్క వేసుకోండి. క్రాంకు గేరుకు 20 పళ్లుంటే ఒక పన్నుకు 18 డిగ్రీలు. అలాంటి ఇంజను ఒక్కోసారి స్టార్టవుతుంది కూడా. కానీ వణుకుతుంది, లాగదు. క్యామ్ వెనకబడితే పీల్చే వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది, లోపలికి పీల్చిన గాలిలో కొంత పిస్టన్ తిరిగి బయటికి నెట్టేస్తుంది. గేజి పెట్టి కంప్రెషన్, అంటే నొక్కిన గాలి ఒత్తిడి, చూస్తే మూడు సిలిండర్లలోనూ ఒకేలా తక్కువ చూపిస్తుంది. మూడూ సమానంగా తగ్గితే ముందు బెల్టును అనుమానించండి. ఒక్కదాంట్లోనే తగ్గితే ఆ సిలిండర్ వాల్వులో, గాస్కెట్టో, రింగులో. ఈ తేడా తెలియక హెడ్డు (సిలిండర్ల పైమూత) ఊరికే దించినవాళ్లను చాలామందిని చూశాను.

బెల్టు ఎక్కించేటప్పుడు టెన్షనర్ (బెల్టును బిగువుగా పట్టే చిన్న చక్రం) ఉన్న వైపే వదులు ఉండాలి, రెండోవైపు బిగువుగా ఉండాలి. బిగించాక పానాతోనే 2 చుట్లు పూర్తిగా తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడాలి. మధ్యలో గట్టిగా ఆగితే బలం పెట్టొద్దు. కొన్ని ఇంజన్లలో వాల్వు పోయి పిస్టన్‌కు తగులుతుంది. బలవంతం చేస్తే వాల్వు వంగుతుంది.

గీతలను కూడా గుడ్డిగా నమ్మకండి. రబ్బరు అతికించిన పుల్లీలు కొన్ని ఉంటాయి, పాతబడ్డాక బయటి రింగు జారి గీత పక్కకు పోతుంది. పిస్టన్ పైకొచ్చిందా లేదా అన్నది పొడుగాటి స్క్రూడ్రైవర్ రంధ్రంలో వదులుగా ఆనించి చూడండి. అమ్మణ్ణీ, చీపురుపుల్ల మాత్రం పెట్టొద్దమ్మా. విరిగి లోపల పడితే మళ్లీ హెడ్డు దించాలి.

బండి అంటుకున్నాక ఆఖరి సవరింపు, నిప్పు ఏ వేళకు పడుతోందో చూపే టైమింగ్ లైటుతో చేద్దాం. చెవితో పెట్టడం నాకూ అలవాటే, కానీ ఆ అలవాటు ఒకసారి ఒక కుటుంబాన్ని నడిరోడ్డు మీద నిలబెట్టింది. నేను పని చేసిన అంబాసిడర్‌లో వాళ్లు శ్రీశైలం బయల్దేరారు. ఒంగోలు నుంచి దోర్నాల దాకా చక్కగా వెళ్లింది. ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే నీళ్లు మరిగి ఆగిపోయింది. ఎండలో పసిపిల్లలు. నేను నిప్పు కొంచెం ఆలస్యంగా పడేట్టు పెట్టాను. పిస్టన్‌ను తోయాల్సిన వేడి హెడ్డుకూ సైలెన్సర్ గొట్టానికీ పోయింది. చదును రోడ్డు మీద దాగిన తప్పు ఎక్కుడులో బయటపడింది. మరీ ముందుగా పెడితే ఇంజను నాక్ కొడుతుంది, సెల్ఫ్ వెనక్కి తంతుంది. ఇంకోమాట, బెల్టు తప్పును డిస్ట్రిబ్యూటర్ తిప్పి సరిచేయలేం. నిప్పు జరుగుతుంది కానీ వాల్వులు జరగవు.

ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నా, గేజీ, లైటూ తెస్తాను. ఈలోగా బొటనవేలి పరీక్ష ఒక్కటి చేసి, రోటర్ ఎటు చూస్తోందో ఫోన్లో చెప్పండి. నేను వచ్చేదాకా బెల్టు కవరు మాత్రం బిగించకండి.

మీ తాత